వేలెడు సందు

చిలోయే దీవిలో వాన
వచ్చిపోయే చుట్టం కాదు,
ఇంట్లో మనిషే.
కొయ్య స్తంభాల మీద మా ఇల్లు.
పోటు వేళ నేలపలకల కింద సముద్రం,
ఆటు వేళ బురద, పగిలిన ఆల్చిప్పలు,
వాటి మధ్య ఏదో వెతుక్కుంటూ
మా నల్లకుక్క తిసోన్.
తిసోన్ అంటే కొరివి.

పందెం సొఫనోర్ తెచ్చాడు,
పడవలకి తారు పూసే సొఫనోర్.
"ఆపదొస్తే ముందు పరిగెత్తేది అదే, చూస్కో."
"నా ఉప్పు తిన్న కుక్క అది" అన్నాడు మా ఆయన.
అరబస్తా బంగాళాదుంపలు పందెం.

మర్నాడు సాయంత్రం
మొహానికి గోనెపట్టా కట్టుకుని
తెడ్డు ఎత్తి పెరటి తలుపులోంచి దూకాడు సొఫనోర్.
మా నోల్బెర్తో వంటగదిలో వెల్లకిలా పడి
చచ్చాను బాబోయ్ అని అరిచాడు,
మళ్ళీ బోర్లా తిరిగి ఇంకోసారి అరిచాడు.
తిసోన్ వెళ్ళి దొంగ జేబు వాసన చూసింది.
పొగబెట్టిన ఆల్చిప్పల దండ ఉంది అందులో.
తోకాడించింది.
తర్వాత మా ఆయన వీపెక్కి
ముడుచుకుని పడుకుంది,
వెచ్చగా ఉందని కాబోలు.

రెండు రోజులు కుక్కతో మాట్లాడలేదు నోల్బెర్తో.
మూడో రాత్రి దుప్పట్లోంచి అన్నాడు:
"నటన అని పసిగట్టింది, ఎదెల్మీరా.
నిజం ఆపదైతే తెలిసేది దానికి."
"నటనే అని నాకూ తెలిసింది,
నేనేమీ నీ వీపెక్కి పడుకోలేదే" అన్నాను.

జులైలో ఆయన
చేపల పెంపకం తెప్పల మీద పనికెళ్ళాడు, పద్నాలుగు రోజులు.
ఉత్తరపు గాలి. తడిసిన కట్టెలు.
కిటికీ సందుల్లో పాతగుడ్డలు కుక్కి
పొయ్యి రాజేసి, వల బాగుచేస్తూ కూర్చున్నాను.
గొట్టంలో మసి అడ్డం పడిందని
నాకెలా తెలుస్తుంది?
వాసన లేదు. పొగ లేదు.
తల మాత్రం నీళ్ళోంచి లాగిన వలలా బరువెక్కింది.
నిద్రనుకున్నాను. మంచి నిద్రే అనుకున్నాను.

అప్పుడు గీకుడు.
తలుపు మీద గోళ్ళు, ఆగకుండా.
నా కొంగు లాగలేదు,
నా మొహం నాకలేదు,
నా వైపు చూడనైనా లేదు అది.
తలుపు, తలుపు, తలుపు.
నీ దుంపతెగ అంటూ లేచాను,
గోడ పట్టుకుని, కుర్చీ పట్టుకుని,
దాని పేరు గుర్తురాక
పోయిన మా అక్క పేరుతో పిలుస్తూ.
గడియ తీశాను.
రివ్వున పోయింది,
ఒక్కసారి వెనక్కి తిరిగితే ఒట్టు.

గడప మీద పడ్డాను.
మొహం మీద వాన.
కక్కుకున్నాను, మళ్ళీ కక్కుకున్నాను.
బోర్లించిన పడవ కింద, తడి తగలని చోట
రెండు కళ్ళు మెరుస్తున్నాయి.
చాలాసేపటికి వచ్చింది,
నా జుట్టు వాసన చూసి తుమ్మింది.

ఆదివారం నాటికి కథ నాకంటే ముందు ఊరంతా తిరిగొచ్చింది.
కొట్టు దగ్గర, తిసోన్ నా చెయ్యి పట్టి లాగింది.
ప్రార్థనామందిరం మెట్ల మీద, నన్ను ఈడ్చుకొచ్చింది.
రేవుకి చేరేసరికి వీపు మీద మోసింది.
సొఫనోర్ అరబస్తా దుంపలు తిరిగిచ్చాడు,
పైన నాలుగు ఉల్లిపాయలు.
నోల్బెర్తో దాని మెడ కావిలించుకుని ఏడ్చాడు,
ఆదివారం మాంసంలో మెత్తటి ముక్క దానికే వేశాడు.
నేను దిద్దలేదు.

దిద్ది ఏం చెప్పను?
అది తన ప్రాణం కోసం గీకింది.
గడియ దానికి అందదు.
గాలిలో ఏముందో నాకు అందదు.
నేను లేచింది కూడా
దాన్ని కాపాడాలని కాదు,
ఆ గోల ఆపాలని.

గొట్టం కొత్తది వేయించాం.
అయినా రాత్రిళ్ళు తలుపు కింద
చెక్కపేడు ఒకటి దోపి
వేలెడు సందు ఉంచుతున్నాను.
చలి వస్తుందని నోల్బెర్తో సణుగుతాడు.
తిసోన్ ఆ సందులో ముక్కు పెట్టి గురక పెడుతుంది.

నిన్న రాత్రి అడిగాడు:
"మళ్ళీ అలాంటిదొస్తే
గీకుతుందంటావా?"
ఇంకా అదే ప్రశ్న, ఈ వయసులో.
"కట్టెలు తడిగా ఉన్నాయి" అన్నాను,
"పడవ కింద ఎండువి నాలుగు ఉన్నాయి,
లేచి పట్రా."